అరవయ్యో వంతు సైనికుడు

శంషాబాద్ విమానాశ్రయంలో మన సామాను ఎక్స్‌రే యంత్రంలోంచి పోతుంటే తెర మీద కనిపించే రంగులకు ఒక లెక్క ఉంది. రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్‌రేలతో యంత్రం పెట్టెను చూస్తుంది. కర్ర, బట్ట, ప్లాస్టిక్, తినే వస్తువులు నారింజ రంగులో తేలతాయి. అల్యూమినియం లాంటివి ఆకుపచ్చగా, ఇనుము, తగరం లాంటి బరువైన లోహాలు నీలంగా వస్తాయి. బల్ల మీద పాత యుద్ధాలను మళ్లీ ఆడే అలవాటున్న వాళ్ల పెట్టె అందులోకి వెళ్తే, ఆ బుల్లి సైన్యం తరాలవారీగా విడిపోయి కనిపిస్తుంది. తగరం పోసిన గుర్రపు దళం నీలం. అచ్చు ప్లాస్టిక్ కాల్బలం నారింజ. ఇంట్లో రెజిన్‌తో ముద్రించుకున్న ఫిరంగి దళమూ నారింజే. పక్కన ఒక కొండపల్లి బొమ్మ సర్ది ఉంటే అదీ నారింజే. వాటి మీద రాత్రిళ్లు కూర్చుని వేసిన రంగులు మాత్రం ఆ తెరకు కనబడవు. వెంట్రుక మందం కూడా లేని పొర అది. ఈ వ్యాసం ఆ పొర గురించే.

చారిత్రక వార్‌గేమ్ అంటే పాచికలు, కొలత టేపు, నియమాల పుస్తకం పెట్టుకుని, జరిగిపోయిన ఒక యుద్ధాన్ని బల్ల మీద మళ్లీ నడపడం. ఇప్పుడు ఎక్కువమంది వాడే బొమ్మ ఎత్తు, పాదం నుంచి కంటి దాకా, 28 మిల్లీమీటర్లు. మనిషికి ఆ కొలత 168 సెంటీమీటర్లు అనుకుంటే ఇది సరిగ్గా అరవయ్యో వంతు. మనిషిని అంతకు కుదించారు. కానీ అతని మీద పడే వెలుగు కుదించుకోలేదు. రంగులో కలిపే నీటి స్వభావం మారలేదు. అచ్చులో పోసే లోహం తన పద్ధతి మార్చుకోలేదు. చూసే కన్నూ మనదే. కుదించడానికి లొంగని వీటితో పడిన పెనుగులాటే ఈ బొమ్మ జీవితకథ అని నా అభిప్రాయం.

కథ లోహంతో మొదలవుతుంది. 18వ శతాబ్దం చివర్లో జర్మనీలోని నూరెంబర్గ్‌లో హిల్పెర్ట్ కుటుంబం తగరపు సైనికులను పోసి అమ్మింది. రెండు స్లేటు రాళ్ల మీద బొమ్మను గాడిగా చెక్కి, రెంటినీ కలిపి బిగించి, మధ్యలో కరిగిన తగరం పోసేవారు. బొమ్మ ఒక మిల్లీమీటరు మందంలో, పలకలా వచ్చేది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి మామూలు పొయ్యి చాలు, రాయి కూడా తట్టుకుంటుంది. చౌక, వేగం రెండూ కుదిరాయి. పోయింది గుండ్రదనం. పలక లాంటి సైనికుడికి ఛాతీ, భుజం, బుగ్గ ఇవ్వాలంటే కుంచె ఒక్కటే దారి. అచ్చు ఇవ్వలేని లోతును రంగుతో ఇవ్వడం అనే పని ఈ బొమ్మ పుట్టిన మొదటి తరంలోనే చిత్రకారుడి మీద పడింది, నేటికీ దిగలేదు.

గుండ్రటి సైనికుడిని నిండుగా సీసంతో పోస్తే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కుటుంబం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. చలికాలంలో గిన్నెలో నెయ్యి అంచుల దగ్గర ముందుగా పేరుకుని మధ్యలో ఇంకా ద్రవంగా ఉన్నట్టే, అచ్చును తాకిన సీసం ముందు గట్టిపడుతుంది. ఆ క్షణంలో అచ్చును తిరగేసి, ఇంకా ద్రవంగా ఉన్నదాన్ని బయటికి వంపేస్తే లోపల డొల్లగా ఉన్న బొమ్మ మిగులుతుంది. సీసం ఆదా అయింది, ధర తగ్గింది, మధ్యతరగతి ఇళ్లలోకి పటాలాలు నడిచి వచ్చాయి. 'టైమ్ మెషీన్' రాసిన హెచ్. జి. వెల్స్ అలాంటి బొమ్మలతో, స్ప్రింగుతో కొట్టే బుల్లి ఫిరంగితో నేల మీద ఆడుతూ 1913లో 'లిటిల్ వార్స్' అనే నియమాల పుస్తకం రాశాడు. ప్రష్యా సైన్యం 1824 నుంచే పటం మీద దిమ్మెలు కదిలించి అధికారులకు యుద్ధ శిక్షణ ఇస్తూ వచ్చింది. కానీ దిమ్మెకు ముఖం ఉండదు. ముఖం ఉన్న సైనికుడిని తెచ్చి ఆటలో నిలబెట్టడం వల్లనే ఈ అభిరుచి వందేళ్లు దాటి బతికిందనుకుంటాను.

సీసం విషమని తెలిశాక బ్రిటన్ సంస్థ 1966లో ఆ బొమ్మలు ఆపేసింది. పాత సీసపు బొమ్మ ఎవరికైనా దొరికితే ఒక మాట. దాన్ని ఆకురాయితో గీకి పొడి లేపకండి. కుంచె మొనను నాలుకతో సర్దుకునే అలవాటుంటే ఇవాళే మానండి.

తరువాత వచ్చిన సీసం లేని తగరపు మిశ్రమానికి ఒక చిక్కుంది. కరిగిన తగరం తలతన్యత నీటికన్నా ఏడెనిమిది రెట్లు. అది ముద్దగా ఉండటానికే ఇష్టపడుతుంది తప్ప, అర మిల్లీమీటరు తుపాకీ గొట్టంలోకి తనంతట దూరదు. అందుకే గుండ్రటి రబ్బరు అచ్చును గిరగిరా తిప్పుతూ నడిమధ్యలో లోహం పోస్తారు. తిరిగే వేగం దాన్ని అంచులకు, వేళ్ల సందుల్లోకి, కత్తి మొన దాకా తోస్తుంది. ప్లాస్టిక్ బొమ్మల్లో ఆ తోసే పని ఉక్కు అచ్చు వెనకున్న యంత్రం చేస్తుంది.

చివరి తరం రెజిన్ ప్రింటర్. వెలుగు తగిలితే గట్టిపడే ద్రవంతో వస్తువును పొరలుగా కట్టే పద్ధతికి చక్ హల్‌కు 1986లో పేటెంటు వచ్చింది. ఇవాళ బల్ల మీద పట్టే యంత్రం 405 నానోమీటర్ల ఊదా వెలుగుతో ఒక్కో పొర 50 మైక్రాన్ల మందాన కడుతుంది. 28 మిల్లీమీటర్లకు 560 పొరలు. పొర గీత కంటికి అందదు గానీ పలచని రంగు దాన్ని పట్టిచూపిస్తుంది. మన దగ్గర ఈ యంత్రానికి గిరాకీ రావడానికి ఒక కారణం శంషాబాద్ కార్గోలో దిగే పెట్టెల మీద పడే సుంకం. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. డిజైన్ ఫైలుకు ఆ దారి అక్కర్లేదు. అయితే గట్టిపడని రెజిన్ చర్మానికి పడదు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఇక కుంచె దగ్గరికి వద్దాం. అసలు శాస్త్రం ఇక్కడే ఉంది.

ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరాన్ని విడదీయగలదు. బల్లకు మీటరు దూరంలో అది 0.3 మిల్లీమీటరు. బొమ్మ కొలతను మనిషి కొలతకు పెంచితే పదిహేడు, పద్దెనిమిది మిల్లీమీటర్లు. అంటే చొక్కా గుండీ, కనురెప్ప, గొలుసు కవచంలోని కడియం, ఇవేవీ మీటరు దూరం నుంచి ఉన్నవి ఉన్నట్టు కనబడవు, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతాయి. కొలత ప్రకారం నిజాయతీగా రంగు వేసిన సైనికుడు అందుకే బురద ముద్దలా ఉంటాడు. గుండీని ఉండాల్సిన దానికన్నా పెద్దది చేసి, చుట్టూ నల్లటి సన్న గీత తిప్పితే అప్పుడు గుండీ అవుతుంది. వెలుగు, చీకటి కలిసే అంచును మన కంటి నరాలే మరింత పెంచి చూపిస్తాయని ఎర్నెస్ట్ మాక్ 1865లోనే చెప్పాడు. చేర్యాల నకాషీ కళాకారులు బొమ్మ చుట్టూ గీసే నల్ల గీత ఆ కంటి స్వభావాన్నే వాడుకుంటుంది.

తరువాత మందం. ఆరిన ఆక్రిలిక్ పొర ఒకటి ముప్పై మైక్రాన్లనుకుందాం. అరవై రెట్లు చేస్తే దాదాపు రెండు మిల్లీమీటర్లు. నిజమైన సిపాయి ముఖానికి రెండు మిల్లీమీటర్ల పూత పూస్తే ముక్కు, పెదవి ఏమవుతాయో ఊహించండి. నీళ్లు కలిపి పలచగా రెండుసార్లు వేయమని చెప్పేది అందుకే.

నా దృష్టిలో అన్నిటికన్నా అందమైనది వాష్. నలుపో గోధుమో రంగును బాగా పలచన చేసి బొమ్మంతా తడిపితే, అది దానంతటదే మడతల్లోకి, వేళ్ల మధ్యకు, కవచం సందుల్లోకి చేరి నీడ అయి కూర్చుంటుంది. చిత్రకారుడి చెయ్యి ఇందులో తక్కువ. నీటి విషయంలో సుమారు 2.7 మిల్లీమీటర్ల కన్నా చిన్న కొలతల్లో భూమ్యాకర్షణ మాట చెల్లదు, తలతన్యతదే రాజ్యం. మన సైనికుడి మడతలన్నీ ఆ హద్దుకు లోపలే ఉన్నాయి. ట్యాంక్‌బండ్ మీద విగ్రహానికి ఇదే వాష్ పోస్తే కాళ్ల దగ్గరికి కారిపోతుంది. కుదించడం వల్ల మనకు నష్టమే కాదు, ఇలాంటి వరమూ వచ్చింది. ఆ వరానికి ఒక మెలిక ఉంది. డాలు లాంటి చదును జాగాలో వాష్ ఆరితే అంచున వలయం మిగులుతుంది. కాఫీ చుక్క ఆరినప్పుడు మరక అంచే ముదురుగా ఎందుకుంటుందో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో వివరించారు. అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి మధ్య నుంచి ద్రవం ప్రవహిస్తూ రంగు రేణువులను మోసుకుపోతుంది. చదును మీద ఆరకముందే తడి కుంచెతో ఎత్తేయాలి.

అన్నిటికన్నా ముందు ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత. కొందరు మొదట నల్లగా కొట్టి, తరువాత నడినెత్తి నుంచి తెలుపు కొడతారు. పైనుంచి సూర్యుడు కాస్తే ఎక్కడ వెలుగో, ఎక్కడ నీడో ఆ తుంపరే చెప్పేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో చదవనక్కర్లేదు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిటారు కర్రకు నీడ ఉండని రోజులవి. అప్పుడు శంషాబాద్ బస్టాప్‌లో నిలబడ్డ మనిషిని చూడండి. కనుబొమల కింద, గడ్డం కింద, చంకల్లో చీకటి, భుజాల మీద మంట. దక్కను సైనికుడికి అదే వెలుగు వేయాలి. వాలు ఎండలో నిలబడ్డ యూరప్ సిపాయి నీడలు తెచ్చి ఇక్కడివాడికి పూస్తే మనిషి పరాయివాడవుతాడు.

ప్రైమర్ స్ప్రే డబ్బాను విమానంలో తేనివ్వరు, మండే వాయువుతో నింపింది కాబట్టి చేతిసంచీలోనూ, చెక్ ఇన్ సామానులోనూ కుదరదు. ఇక్కడే కొనుక్కోవాలి, ఇక్కడి గాలిలోనే కొట్టాలి. నలభై డిగ్రీల ఎండలో తుంపర బొమ్మను చేరేలోపే ఆరి ఇసుక చల్లినట్టవుతుంది. వానాకాలంలో మరో ఇబ్బంది. డబ్బాలోని ద్రావణి ఆవిరవుతూ బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద కమ్మి పూత తెల్లగా పాలిపోతుంది. విమానాశ్రయం వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత పక్కనే డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, ఇస్తారు. పైలట్ల కోసం అరగంటకోసారి వెలువడే అంకెలవి. రెండు అంకెలూ దగ్గరపడిన పూట డబ్బా ముట్టకపోవడం మేలు.

ఇంతకీ మన బల్ల మీద ఎవరి సైన్యం నిలబడాలి? వాటర్లూ బొమ్మలు ప్రపంచమంతా దొరుకుతాయి. దక్కను సైన్యం కావాలంటే, సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగంలోని బొమ్మ సైన్యాలు చూసి, అదే మ్యూజియంలో ఆయుధాల గదిలోకి వెళ్తే ఉక్కు ఎలా మెరుస్తుందో తెలుస్తుంది. బూడిదరంగు ఎక్కడా ఉండదు, కటిక నలుపు పక్కనే తెల్లటి గీత ఉంటుంది. దక్కను కత్తికి రంగు వేసేవాళ్లకు అంతకన్నా పాఠం లేదు. కానీ మన దగ్గర ఇంకా పాత మాదిరి ఒకటి ఉంది.

తెలంగాణలో మందహెచ్చుల వాళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెప్పేటప్పుడు రంగులు వేసిన కర్రబొమ్మలు ముందు పెట్టుకుని చెబుతారు. వీరులు, స్త్రీలు, పశువులు, ఒక్కొక్కరూ కథలో తమ వంతు రాగానే ముందుకు వస్తారు. ఆ బొమ్మలు చేసేది చేర్యాల నకాషీలు. తెల్ల పొణికి కర్ర, చింతగింజల జిగురు, రంపపు పొట్టు, పైన సుద్ద పూత. ఆ సుద్ద చేసే పని ప్రైమర్‌దే. కర్ర పీల్చుకోకుండా ఆపుతుంది, రంగుకు పట్టు ఇస్తుంది. కథ 13వ శతాబ్దపు యుద్ధానిది. పుల్లరి, అంటే మేత పన్ను, కట్టే తగాదాలో కాటమరాజు నెల్లూరి రాజు నల్లసిద్ధితో పాలేటి ఒడ్డున తలపడ్డాడు, నల్లసిద్ధి పక్షాన పోరాడిన ఖడ్గతిక్కన అక్కడే పడిపోయాడు. చారిత్రక యుద్ధం, పేరుపేరునా వీరులు, రంగుల బొమ్మలు, చెప్పే పద్ధతికి నియమాలు. వెల్స్ పుస్తకానికి ముందే మన పల్లెల్లో ఇవన్నీ ఒకచోట కూడాయి. పాచికలు తప్ప అన్నీ ఉన్నాయి.

దాన్ని 28 మిల్లీమీటర్లలో ఆడాలని నా కోరిక. ఆ ఆటలో గెలుపు శత్రువులను చంపడంలో ఉండకూడదు, మేత భూమి దక్కించుకుని మందను బతికించడంలో ఉండాలి. కాబట్టి సైనికులకన్నా ముందు పశువులు కావాలి. మూపు దాకా మీటరున్నర ఎత్తున్న ఒంగోలు గిత్త ఈ కొలతలో 25 మిల్లీమీటర్లు. తెల్ల పశువుకు రంగు వేయడం కష్టం, ఎందుకంటే తెలుపు మీద అంతకన్నా వెలుగైనది వేయడానికి ఏమీ ఉండదు. కాబట్టి తెలుపుతో మొదలుపెట్టకూడదు. ముందు లేత బూడిదరంగు మొత్తం వేసి, గంగడోలు మడతల్లోకి పలచని నీలిబూడిద వాష్ దించి, తల, మెడ, మూపు మీద మగ పశువుకుండే నల్లబూడిద ఛాయ అద్ది, అచ్చమైన తెలుపును ఆఖరున వెన్నుపట్టె మీద, కొమ్ముల మొదట్లో, పక్కటెముకల పైఅంచున మాత్రమే పెట్టాలి.