ఆంగ్ల తరగతిలో తెలుగు వాక్యం: సుల్తానాబాద్ ప్రాంత బడుల నేపథ్యంలో కొన్ని బోధనోపాయాలు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలూ అప్పుడే వచ్చాయి. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు బడి బయట ఆంగ్లం వినిపించే సందర్భాలు అరుదు. వారికి అంతవరకు ఒక పీరియడుకు పరిమితమైన ఆంగ్లం ఇప్పుడు గణితానికీ, సామాన్యశాస్త్రానికీ వాకిలి అయింది. లెక్క తెలిసిన పిల్లవాడు కూడా ప్రశ్నలోని వాక్యం తెలియక ఊరుకుంటాడు. ఈ స్థితిలో ఆంగ్ల ఉపాధ్యాయునికి తెలుగు వ్యాకరణం ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ద్విభాషా పుస్తకం మంచి సాధనమే. అయితే ఎదుటి పుటలోని తెలుగు పిల్లల తెలుగే అనుకోవడానికి లేదు. ‘ఫోటోసింథసిస్’ తెలియని విద్యార్థికి ‘కిరణజన్య సంయోగక్రియ’ కూడా అంతే కొత్త. పుస్తకంలో ‘వ్యవసాయం’, ఇంట్లో ‘ఎవుసం’. అచ్చులో ‘వచ్చాడు’, నోట ‘వచ్చిండు’. కాబట్టి తరగతిలో నిజానికి మూడు భాషారూపాలున్నాయి. ఆకు ఎండలో తన తిండి తానే వండుకుంటుందని మొదట పిల్లల మాటల్లోనే చెప్పించి, తరువాత ఆంగ్ల పదాన్ని, చివరకు తెలుగు పారిభాషిక పదాన్ని పరిచయం చేయడం మేలు. ఈ క్రమం తారుమారైతే రెండు పదాలూ కంఠపాఠాలుగానే మిగులుతాయి.

వాక్యనిర్మాణం దగ్గర తెలుగు మరింత అక్కరకు వస్తుంది. ‘నాకు జ్వరం వచ్చింది’ అన్నప్పుడు అనుభవించే వ్యక్తి ‘కు’ విభక్తిలో ఉంటాడు. క్రియ జ్వరంతో అన్వయిస్తుంది. అందుకే విద్యార్థి ‘ఫీవర్ కేమ్ టు మి’ అంటాడు. అది తన భాషావ్యాకరణాన్ని నమ్మి చేసిన అనువాదం. ‘నాకు ఆకలవుతోంది’, ‘నాకు ఈత వచ్చు’, ‘నాకు ఆమె తెలుసు’ వంటి వాక్యాలను నల్లబల్లపై ఒక వరుసలో రాసి, ‘నాకు’ అన్నచోటల్లా ఆంగ్లం ‘ఐ’ అంటోందని పిల్లలచేతనే గుర్తింపజేస్తే, ఒక్కొక్క తప్పునూ దిద్దే శ్రమ తగ్గుతుంది.

‘హావ్’ క్రియ కథ వేరు. ‘నాకు ఇద్దరు అక్కలున్నారు’, ‘నా దగ్గర పది రూపాయలున్నాయి’, ‘మా ఇంటికి రెండు తలుపులున్నాయి’: బంధుత్వాన్ని, చేతిలోని వస్తువును, ఒకదానిలోని భాగాన్ని తెలుగు వేర్వేరుగా చెబుతుంది. ఆంగ్లం మూడింటినీ ఒకే క్రియలో ఇముడుస్తుంది. ‘మనం’, ‘మేము’ రెండూ అక్కడ ‘వి’ మాత్రమే. తమ భాష కొన్నిచోట్ల ఆంగ్లం కన్నా ఎక్కువ వివరం ఇస్తుందని పిల్లలకు తెలియడం చిన్న విషయం కాదు. ఆంగ్లం ముందు వారి బెరుకు ఇక్కడే సడలుతుంది. ‘ఎ’, ‘ది’ల బోధన ఇంత సులభం కాదు. ‘పుస్తకం కొన్నాను’ కన్నా ‘పుస్తకాన్ని కొన్నాను’లో ఫలానా పుస్తకమన్న సూచన ఎక్కువ. దీన్ని ఆరంభంగా వాడుకోవచ్చు గాని, సూత్రంగా చెబితే దారి తప్పుతుంది.

పోలికలతో వ్యాకరణం తెలుస్తుంది, మాట రాదు. ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో 1979-84 మధ్య సాగిన బెంగళూరు ప్రయోగం వ్యాకరణ సూత్రాలకు బదులు పటాలు, సమయపట్టికలు వంటివాటి ఆధారంగా పరిష్కరించవలసిన పనులను తరగతిలో పెట్టింది. సుల్తానాబాద్‌లో ఇందుకు ఖర్చు లేదు. రాజీవ్ రహదారిపై కరీంనగర్, పెద్దపల్లి వైపు వెళ్లే బస్సుల వేళలను పిల్లలే రాసుకొని వస్తారు. ‘పదింటికి కరీంనగర్ ఆసుపత్రిలో ఉండాలంటే ఏ బస్సు ఎక్కాలి?’ అన్న ప్రశ్నను ఇద్దరిద్దరు తేల్చుకుంటారు. రైస్‌మిల్లుల బోర్డులు, ఎరువుల బస్తాల మీది అక్షరాలు కూడా పాఠ్యమే. చర్చ తెలుగులో సాగినా ఫరవాలేదు, జవాబు మాత్రం ఆంగ్లంలో రావాలి. తెలుగును పూర్తిగా నిషేధించి సాధించేది చాలావరకు మౌనమేనని నా అభిప్రాయం.

ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్ నిఘంటువుతో సహా అనేక నిఘంటువులను ఉచితంగా వెతకవచ్చు. మాండలిక సేకరణ సాధారణంగా పదాల వద్ద ఆగుతుంది. ఆంగ్ల ఉపాధ్యాయునికి కావలసింది పిల్లలు పలికే వాక్యం, దాని పక్కన ఆంగ్ల వాక్యం, రెండింటి నడుమ మారిన విభక్తి. తెలుగు శాఖల పరిశోధకులు ఒక్క మండలంలోని బడుల నుంచి ఇటువంటివి 200 సేకరించి ఇచ్చినా, ఆ ఉపాధ్యాయునికి ఒక విద్యాసంవత్సరం గడుస్తుంది.