ఆటయు నొక వృత్తియే

బాలిక చదువుకొని ఉపాధ్యాయిని యైనను, వైద్యురాలైనను నేడు మనకు వింతగా తోచదు. ఆటనే వృత్తిగా గైకొని గౌరవముగా జీవించుచున్న దనిన మాత్రము పెద్దలు నేటికిని సందేహింతురు. ఆ సందేహము తీరుటకు దూరదేశములు వెదుక నక్కఱలేదు. మన రాయలసీమలోనే, కడప జిల్లా యెఱ్ఱమల్లె గ్రామపు బిడ్డ నల్లపురెడ్డి శ్రీచరణి చరిత్రము చాలును.

ఈమె 2004 ఆగస్టు 4వ తేదీన జన్మించెను. తండ్రి థర్మల్ విద్యుత్కేంద్రమున ఉద్యోగి. బాల్యమున పరుగుపందెములు, ఖోఖో, బాడ్మింటను ఆడిన యీమె క్రికెట్టును శ్రద్ధగా నభ్యసించుట పదునాఱవయేటనే. తల్లి వెంటనే సంతోషించెను. తండ్రి సమ్మతించుటకు ఏడాది పట్టెను. మేనమామ ప్రోత్సాహము తోడయ్యెను. మొదట వేగముగా బంతి వేసెడిది. పిమ్మట ఎడమచేతి స్పిన్నునకు మాఱెను. అనగా వ్రేళ్లతో బంతిని త్రిప్పి మెల్లగా వేయుట. అది నేల తాకి ప్రక్కకు మరలి, బ్యాటు పట్టినవారిని భ్రమింపజేయును. ఇందు బలముకన్న ఓర్పు ముఖ్యము.

2024 డిసెంబరు వేలములో ఢిల్లీ జట్టువారు ఈమెను 55 లక్షల రూపాయలకు తీసికొనిరి. మనుష్యులకు వేలమా యని సోదరీమణులు బెదరవలదు. ఆటకత్తెకు ఏ జట్టువా రెంత ప్రతిఫల మిత్తురో నిర్ణయించు పద్ధతియే యది. 2025 ఏప్రిలులో కొలంబోలో భారతజట్టున తొలిసారి యాడెను. ఆ జూనులో ఇంగ్లండున, తన మొదటి ట్వంటీ20 పోటీలోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు గొనెను. ఆ యేటి ప్రపంచకప్పులో 14 వికెట్లు ఆమెవి. నవంబరు 2వ తేదీన నవీముంబయిలో మనవారు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో గెలిచి, మహిళల ప్రపంచకప్పును తొలిసారి దేశమునకు తెచ్చిరి. రాష్ట్రప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలు, ఇంటిస్థలము, గ్రూపు-1 ఉద్యోగము ప్రకటించెను.

ఈ బాట ఒక్కనాట పడినది కాదు. మన దేశమున మహిళా క్రికెట్టు సంఘ మేర్పడినది 1973లో. అది పురుషుల బోర్డుతో కలిసినది 2006లో. అంతకుముందు ఆటవలన జీవనము గడచుట అరుదు; రైల్వే కొలువే పెక్కుమందికి ఆధారము. హైదరాబాదున పెరిగిన మిథాలీరాజ్ సైతము రైల్వే ఉద్యోగినియై, 1999 మొదలు 2022 వఱకు దేశమునకాడి, ఒకరోజు పోటీలలో 7,805 పరుగులు చేసెను. 2022లో బోర్డువారు పోటీకిచ్చు రుసుమును స్త్రీపురుషులకు సమానము చేసిరి. 2023లో మహిళల లీగు మొదలయ్యెను. అదే యేడు అనంతపురము జిల్లా పల్లెబిడ్డ బారెడ్డి అనూష భారతజట్టున నాడెను.

పోతన భాగవతమున సత్యభామ విల్లంది నరకునితో పోరిన ఘట్టము చదివి మనమెంత మురియుదుము! ఆ యింటనే పిల్ల బంతి పట్టినచో కనుబొమలు ముడివడుచున్నవి. మా కొత్తచెరువు వంటి యూళ్లలో సాయంకాలమున మైదానము మగపిల్లలది. వాకిలియు అంట్లగిన్నెలును ఆడపిల్లలవి. పెద్దపిల్ల యైనదన్న మాటతో ఆ కొద్దిపాటి యాటయు నిలిచిపోవును.

ఆడిన ప్రతిబాలికయు శ్రీచరణి కాదు. గాయము తగులవచ్చును, ఆటకు వయసును కొద్దియే. కావున చదువు విడువరాదు. అయినను దినమునకొక గంట మైదానము, కడుపునిండ తిండి, కాలికి సరిపడు బూట్లు, నెలసరి దినములలో విశ్రాంతి - ఇవి తల్లులు సమకూర్పగలవే. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుని కడకు పోయి, మా పిల్లలకు ఆటస్థల మేవేళ నిత్తురని యడుగుడు. నలుగురు తల్లులు కలిసి యడిగిన, కాదనుట కష్టము. శ్రీచరణి తండ్రికి ఏడాది పట్టినది. మన యిండ్లలో ఆ యేడాది తగ్గించుట మన చేతిలోని పని.