నది నేర్పే నాయకత్వం

గోదావరిఖని అనే పేరులోనే నది ఉంది, గని కూడా ఉంది. ఈ రెండింటి బంధం పేరుతో ఆగిపోలేదు. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల క్రితం ఈ లోయలో ప్రాచీన నదులు ప్రవహించాయి. వాటి ఒడ్డున చిత్తడి నేలల్లో పెరిగిన అడవులను ఇసుక, ఒండ్రు కప్పివేయగా అవే కాలక్రమంలో బొగ్గు పొరలయ్యాయి. ఆ బొగ్గును తవ్వి తీశాక భూగర్భ గనుల్లో మిగిలిన ఖాళీలను నింపడానికి సింగరేణి సంస్థ గోదావరి ఇసుకనే వాడింది. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి, ఎరువుల కర్మాగారానికి, ఇంటింటి కుళాయికి నీరే ఆధారం. నదిపై ఇంతగా ఆధారపడిన ప్రాంతంలో పదో తరగతి ముగించిన విద్యార్థి ఆ నదిని బస్సు కిటికీలోంచి చూడటంతో సరిపెట్టుకోవడం విచారకరం.

వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలకు నదీ విజ్ఞానాన్ని, దానితోపాటు నాయకత్వాన్ని నేర్పే శిక్షణలు ప్రపంచంలో పలుచోట్ల జరుగుతున్నాయి. వీటికి ప్రేరణ ఇచ్చిన ఘటనల్లో ఒకటి 1984లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో జరిగింది. హ్యూరాన్ నదిలో ఆటలాడిన కొందరు హైస్కూలు విద్యార్థులు హెపటైటిస్-ఎ బారినపడ్డారు. తోటి విద్యార్థులు మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం స్టాప్ సహాయంతో నీటిని పరీక్షించారు. అందులో మలసంబంధ బ్యాక్టీరియా అధికంగా ఉన్నట్లు తేలింది. పిల్లలు ఆ ఫలితాలను పట్టణ అధికారుల ముందుంచారు. ఈ అనుభవమే తరువాత పలు దేశాల పాఠశాలలను కలిపే నదీ విద్యా బృందానికి పునాది అయింది.

మన దేశంలోనూ దీనికి దగ్గరి ప్రయత్నం జరిగింది. 1993లో జాతీయ స్థాయిలో ఆరంభమైన బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలను చిన్న బృందాలుగా చేసి, తమ ఊరి సమస్యను తామే పరిశోధించేలా ప్రోత్సహించింది. పుస్తకంలోని ప్రయోగాన్ని తిరిగి చేసి చూపడం కాదు, తమ చుట్టూ ఉన్న వాస్తవాన్ని కొలవడమే అందులోని ముఖ్యాంశం.

మన పూర్వీకుల బాట

నదిని పరిశీలించడం ముస్లిం సమాజానికి కొత్త విద్య కాదు. 11వ శతాబ్దికి చెందిన అల్ బిరూనీ భారతదేశంలోని నేలలను గమనించి, పర్వతాల దగ్గర పెద్దవిగా ఉన్న గుండ్రాళ్లు దూరం పోయేకొద్దీ చిన్నవవుతాయని, సముద్రం సమీపించేసరికి ఇసుకే మిగులుతుందని రాశాడు. ఈ మైదానం ఒకప్పుడు సముద్రమై ఉండి నదుల ఒండ్రుతో పూడి ఉంటుందని ఊహించాడు. కైరోలోని రౌదా ద్వీపంలో 861లో అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ కాలంలో నైలు నది మట్టాన్ని కొలిచే రాతి స్తంభాన్ని నిర్మించారు. ఆ ఏటి పంట ఎలా ఉంటుందో, శిస్తు ఎంత వేయాలో ఆ కొలతను బట్టి నిర్ణయించేవారు. కొలత తప్పితే రైతుకు అన్యాయం జరిగేది.

ఒడ్డున చేయవలసిన పని

మే నెలలో గోదావరి సన్నబడుతుంది. నీరు తగ్గినప్పుడు అందులో కలిసే మురుగు ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. అందుకే వేసవి ఈ అధ్యయనానికి అనువైన కాలం. అయితే ఇక్కడి ఎండ తీవ్రత అందరికీ తెలిసిందే. ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం మేలు.

పరికరాలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. థర్మామీటరు, ఆమ్ల-క్షార గుణం తెలిపే కాగితాలు, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే చిన్న కిట్టు, గడియారం, టేపు చాలు. పది మీటర్ల దూరాన్ని నీటిపై తేలే నారింజ పండు 20 సెకన్లలో దాటితే, పైనీటి వేగం సెకనుకు అర మీటరు. అడుగున వేగం తక్కువ కనుక, ఆ సంఖ్యను 0.85తో గుణిస్తే సగటు వేగం రమారమి తెలుస్తుంది.

ఆక్సిజన్ పాఠం ఇంకా విలువైనది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే కరుగుతుంది. చేపల మనుగడకు కనీసం 4, స్నానానికి 5 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. వేసవిలో ఎలాగూ తగ్గే ఈ నిల్వను మురుగు మరింత హరిస్తుంది. కాల్వ కలిసే చోటుకు ఎగువన, కలిసే చోట, దిగువన ఒకే పూట కొలిస్తే తేడా పిల్లలే కనుగొంటారు.

ఒక హెచ్చరిక. ఇసుక తవ్వకాల వల్ల నదిలో లోతైన గుంతలు ఏర్పడతాయి, బ్యారేజీల నుంచి హఠాత్తుగా నీరు విడుదల కావచ్చు. లోతు కొలిచే పని పెద్దలదే. పిల్లలు ఒడ్డునే ఉండాలి. ఉపాధ్యాయినులు, తల్లులు వెంట ఉంటే ఆడపిల్లలూ నిశ్చింతగా పాల్గొనగలరు.

సంఖ్య కూడా సాక్ష్యమే

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్ హదీసు సంపుటంలో ఉంది. నది ఒడ్డున ప్రతి బృందం ఈ సున్నత్‌ను ఆచరించవచ్చు. రోజుకొకరు అమీరు కావాలి. పని పంచడం, అందరి క్షేమం చూడటం, లెక్కలకు జవాబు చెప్పడం అమీరు వంతు. అధికారం కన్నా జవాబుదారీతనం ముందని పిల్లలు ఇలా ఆచరణలో గ్రహిస్తారు.

అసలు పరీక్ష ఫలితాలు వచ్చాక ఎదురవుతుంది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు అన్నం పెట్టేది గనో, విద్యుత్ కేంద్రమో, కర్మాగారమో. నీటి కొలతలు బాగా లేవని తేలితే బిడ్డ ఏం రాయాలి? తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయంగా సాక్ష్యం పలకాలని దివ్య ఖుర్ఆన్ 'అన్నిసా' సూరాలో ఆదేశిస్తోంది. వార్త వస్తే నిర్ధారించుకోవాలని, తెలియక ఎవరికీ హాని చేయరాదని 'అల్ హుజురాత్' సూరాలో హెచ్చరిస్తోంది. ఈ రెండు ఆదేశాలూ కలిస్తేనే నిజమైన విజ్ఞానం. ఒక్క సీసా నీటితో ఎవరినీ నిందించకూడదు. అదే చోట మూడుసార్లు కొలవాలి, వేర్వేరు రోజుల్లో కొలవాలి. అప్పటికీ అదే ఫలితం వస్తే దాచకూడదు. తేదీ, సమయం, స్థలంతో సహా నివేదిక రాసి నగరపాలక సంస్థకు, కాలుష్య నియంత్రణ మండలికి అందజేయాలి.

దోషం మన ఇంటి వైపు ఉన్నట్లు తేలినా అంతే నిజాయితీ అవసరం. నదిలో కలిసే మురుగులో మన వీధి కాల్వ వాటా కూడా ఉంటుంది. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న బోధన ఇబ్నె మాజా సంపుటంలో ఉంది. నీటి రేవుల వద్ద మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పని అని మరో హదీసు తెలుపుతోంది. ఈ బోధనలను పిల్లలు ఒడ్డున నిలబడి అర్థం చేసుకుంటే జీవితాంతం మరువరు.

సెలవుల్లో పిల్లలను కోచింగ్‌కు పంపడానికి మనం వెనుకాడం. అందులోంచి పది ఉదయాలు నదికి కేటాయించవచ్చు. ఒక సైన్సు ఉపాధ్యాయుడు, మస్జిదు కమిటీ పెద్దలు ఇద్దరు, కొందరు తల్లిదండ్రులు పూనుకుంటే ఈ వేసవిలోనే ఆరంభించవచ్చు. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ కుటుంబాల పిల్లలనూ పిలవాలి. ఆ నీరే అందరూ తాగుతున్నారు.

తనకు అప్పగించిన అమానతును కాపాడే, చూసిన నిజాన్ని తప్పకుండా పలికే తరాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.