విస్తరి స్థానమున విషపు పళ్లెము

గజపతినగర ప్రాంతమున పెండ్లి విందునకు అడ్డాకు విస్తరియే మర్యాదగా నుండెడిది. మన్యమున గిరిజన స్త్రీలు కుట్టిన యా యాకు భోజనానంతరము మట్టిలో కలసిపోవును. దాని స్థానమును తెల్లని థర్మోకోలు పళ్లెము ఆక్రమించినది. తేలిక, చౌక, శుభ్రము అని దానిని మెచ్చుకొను గృహస్థులు అది దేనినుండి పుట్టుచున్నదో యెఱుగవలయును.

థర్మోకోలు పాలిస్టైరీను నురుగు. పాలిస్టైరీనునకు మూలద్రవ్యము స్టైరీను. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణమునందలి వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారపు తొట్టినుండి వెలువడి, నిద్రించువారిని చుట్టుముట్టిన యావిరి యీ స్టైరీనే. లాక్‌డౌన్ కాలమున కదలక నిలువయున్న ద్రవమునకు వేడి పుట్టెను. చల్లబఱచు నేర్పాటును, నిరోధక ద్రవ్యమును చాలకపోయెను. గాలికంటె బరువైన యా యావిరి నేలబారున ప్రాకెను. 12 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులును నేలగూలెను.

పళ్లెములో అంత స్టైరీను ఉండదు, నిజమే. పాఠకులను భయపెట్టుట మా యభిమతము కాదు. కాని వేడి పప్పుచారును, నూనె కూరలును తగిలినపుడు అందు మిగిలియున్న స్టైరీను కొంత ఆహారమున దిగును. మనుష్యులకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమైన పదార్థములలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2018లో దీనిని చేర్చినది. విందు ముగిసిన పిమ్మట పెరటిలో పళ్లెములను తగులబెట్టిన పొగ మఱింత చెడ్డది. చంపావతీనదిలో పాఱవేసినచో అవి కుళ్లవు, ముక్కలగును, అంతే.

2022 జూలై 1 నుండి ఇట్టి పళ్లెములు దేశమంతట నిషిద్ధములు. ఉత్తరువు వెలసినది గాని, వంటసామాను చీటీ వ్రాయునది గృహస్థుడే గదా! అడ్డాకు కట్టలు మన్యపు సంతలలో ఇప్పటికిని దొరకుచున్నవి.