ఎక్స్‌రే ఒకటే, మాట రెండు

పిల్లవాడు ఆడుకుంటూ చెయ్యి మోపి పడ్డాడు. ఎక్స్‌రే చూసి ఒక డాక్టరు పిండికట్టు చాలన్నారు. అదే ఎక్స్‌రే చూసి ఇంకొకరు ఆపరేషన్ చేసి తీగలు వేయాలన్నారు. "ఇద్దరిలో మోసం ఎవరిది?" అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. చాలాసార్లు ఎవరిదీ కాదు. ఎక్స్‌రేను చదవాలి, చదివే చోటే తేడా వస్తుంది.

పిల్లల మోచేతిలో చాలా భాగం మృదులాస్థి. అది ఎక్స్‌రేలో కనపడదు. అక్కడ ఆరు ఎముక కేంద్రాలు దాదాపు ఏడాది వయసు నుంచి పదకొండేళ్ల దాకా ఒకటి తర్వాత ఒకటి బయటపడతాయి. నొప్పితో ఏడ్చే బిడ్డ చెయ్యి కొంచెం మెలితిరిగి ఉన్నా చిత్రం మారిపోతుంది.

మోచేతికి కాస్త పైన విరిగే ఎముకకు 1959లో గార్ట్‌లాండ్ అనే డాక్టరు మూడు రకాలు చెప్పారు. చీలినా కదలనిది మొదటిది. వెనక్కి వంగినా వెనుక అంచు అంటుకుని ఉన్నది రెండోది. పూర్తిగా విడిపోయింది మూడోది. చివరిదాన్ని పోల్చుకోవడం తేలికే. పేచీ ఎక్కువగా మొదటి రెంటి సరిహద్దులో.

మనుషుల చూపులోని ఈ తేడాను కొలవాలన్న పట్టుదల కోల్‌కతాకు పాతదే. 1931లో అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్, బెంగాల్ జనపనార సర్వేల్లో ఒకే ప్రాంతం నుంచి రెండు విడి నమూనాలు తీసి వేర్వేరు బృందాలకు ఇచ్చేవారు. లెక్కలు బాగా తేడాపడితే తప్పు చేలది కాదు, కొలిచిన తీరుది. పంటకు పాటించిన ఆ నిజాయితీ పిల్లల ఎముకకూ కావాలి.

అయితే ఎన్నిసార్లు మాట కలిసిందో లెక్కపెడితే చాలదు. వంద ఎక్స్‌రేల్లో ఇద్దరు డాక్టర్లూ చెరో 80 తీవ్రమైనవన్నారనుకోండి. ఫిల్ము వైపు చూడకుండా అదే నిష్పత్తిలో గుడ్డిగా చెప్పినా, 'తీవ్రం' దగ్గర 64, 'కాదు' దగ్గర 4, మొత్తం 68 చోట్ల మాట కలుస్తుంది. నిజంగా 84 చోట్ల కలిసిందనుకుందాం. వినడానికి గొప్పగా ఉంది. కానీ యాదృచ్ఛికంగా వచ్చే 68 తీసేస్తే నైపుణ్యం వల్ల కలిసింది 16. కలవడానికి వీలున్నది 32. అంటే సగమే, 0.5. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన ఈ కొలత పేరు కప్పా. పూర్తి ఏకాభిప్రాయమైతే అది 1, గుడ్డి లెక్కయితే 0.

కాస్త మార్చిన గార్ట్‌లాండ్ పద్ధతిపై 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో వేర్వేరు డాక్టర్ల మధ్య కప్పా 0.74, అదే డాక్టరు మళ్లీ చూసినప్పుడు 0.84. పద్ధతి నమ్మదగ్గదే, కానీ దైవవాక్కు కాదు.

ఇది విని నాటుకట్టుకు పరిగెత్తకండి. వాపు మీద బిగించిన కట్టు రక్తాన్ని ఆపితే కండరాలు చచ్చి, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. డాక్టరు రకం అంకెతో పాటు నాడి, వేళ్ల కదలిక, స్పర్శ చూసేది అందుకే.

మాటలు వేరైతే ఏ రకమన్నారో, ఏ గుర్తు చూసి అన్నారో అడగండి. రెండో చేతి ఎక్స్‌రేతో పోల్చడం, వారంలోపు మళ్లీ ఎక్స్‌రే తీయడం పనికొస్తాయేమో అడగండి. రెండో అభిప్రాయం మొదటి డాక్టరుకు అవమానం కాదు, అది రెండో కొలత.