మనసు పరీక్షకు మన యాస తెలిసినవారేరీ?

సీతంపేట కొండల్లోని ఒక గూడెం నుంచి ఒక తల్లి తన పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని సదరం శిబిరానికి వచ్చిందనుకుందాం. బిడ్డకు వయసుకు తగ్గ బుద్ధి రాలేదని ఆమెకు తెలుసు. కాని తల్లి చెబితే చాలదు. లోపం ఎంతో పరీక్షచేసి, లెక్కకట్టి, కాగితం మీద సంతకం పెట్టేవారుండాలి. ఆ కాగితాన్ని బట్టే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టును బట్టే పింఛను. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కూలి చేసుకు బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

బల్లకు అవతల కూర్చున్న మనిషి కుర్రవాడి ముందు ఒక కొయ్యపలక పెడతాడు. అందులో గుండ్రంగా, నలుపలకగా, నక్షత్రంలా గుంటలుంటాయి. ఏ ముక్క ఏ గుంటలో పడుతుందో చూసి అమర్చాలి. ఆ తరువాత ప్రశ్నలు. కుర్రవాడు నోరు మెదపడు. బుద్ధి లేక మెదపలేదా? కొత్త మనిషిని చూసి బెదిరాడా? ఇంట్లో సవర మాటే తప్ప ఈ తెలుగు వాడికి అర్థం కాలేదా? ఈ మూడింటికీ తేడా కనిపెట్టడమే అవతలి మనిషి విద్య. పొరబడితే రావలసిన పింఛను రాకపోవచ్చు. లేదా బడిలో చదువుకోవలసిన పిల్లవాడు జన్మంతా ‘తెలివి తక్కువవాడు’ అనిపించుకోవచ్చు.

ఆ విద్య పేరు క్లినికల్ సైకాలజీ. మన జిల్లాల్లో దీనిని గురించి తెలిసినవారు తక్కువ. నేర్చినవారు మరీ తక్కువ.

ఇద్దరూ ఒకటి కారు

మనసు జబ్బులకు మందు రాసే డాక్టరు సైకియాట్రిస్టు. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవాడు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయడు. పరీక్షలు జరిపి జబ్బు స్వభావం తేల్చడం, మాటలతోనూ అభ్యాసాలతోనూ నయం చేయడం ఆయన పని. పి.హెచ్.డి. ఉంటే పేరుకు ముందు ‘డాక్టరు’ అని రాసుకోవచ్చు. అంతమాత్రాన బిళ్లలు రాసే అధికారం రాదు. చాలా జబ్బుల్లో రోగికి ఈ ఇద్దరి అవసరమూ ఉంటుంది.

మాటలతో జబ్బు నయమవుతుందా అని అడిగేవారున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి దెబ్బ తిన్నవారిలో కొందరికి ఏళ్లు గడిచినా గాలి హోరు వింటే గుండెదడ, నిద్రలేమి వదలవు. ‘గాలి సోకింది’ అని ఇంట్లోవారు తాయెత్తు కట్టిస్తారు. సైకాలజిస్టు ఆ భయాన్ని విప్పి చెప్పిస్తాడు, ఊపిరి నెమ్మదించే పద్ధతి నేర్పుతాడు, దేనికి భయపడుతున్నారో దానికి కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాడు. వారానికొకసారి చొప్పున కొన్ని నెలలు పట్టే పని అది. ధైర్యం చెప్పడం వేరు, ఇది వేరు.

పెద్దల కంటిముందు నేర్చే పని

ఎం.బి.బి.ఎస్. పరీక్ష ప్యాసైనవాడు ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పనిచేస్తేనే డాక్టరవుతాడన్న సంగతి అందరికీ తెలిసిందే. మనసు విద్యకూ అదే నియమం. అమెరికాలో 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మొదటి మానసిక చికిత్సాలయం తెరిచారు. 1908లో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ బడిలో, బుద్ధి ఎదగని పిల్లల మధ్య, ఈ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ మొదలైంది. నేడు అక్కడ డాక్టరేటు విద్యార్థి పట్టా పుచ్చుకునేముందు ఒక ఏడాది పూర్తికాలం ఆస్పత్రిలోనో, చికిత్సాలయంలోనో పనిచేసి తీరాలి. విద్యార్థులు తమకు నచ్చిన చోట్లను, సంస్థలు తమకు నచ్చిన విద్యార్థులను వరస పెట్టి రాస్తే, ఆ రెండు జాబితాలనూ కంప్యూటరు జోడిస్తుంది. అది ముగిశాకే లైసెన్సు, ఉద్యోగం.

మన దేశంలో 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో అదే నిమ్‌హాన్స్ అయింది. అక్కడి డిప్లొమా కోర్సు తరువాతి కాలంలో రెండేళ్ల ఎం.ఫిల్.గా మారింది. సైకాలజీ ఎం.ఏ. ముగించినవారు ఆ రెండేళ్లూ వార్డుల్లో గడపాలి. రోగి కథ అడిగి రాసుకోవాలి, పరీక్షలు జరపాలి, సీనియరు ముందు చదివి వినిపించాలి. ‘ఇలా ఎందుకనుకున్నావు? ఈ ప్రశ్న ఎందుకడగలేదు?’ అని సీనియరు నిలదీస్తాడు. తప్పు రోగి మీద పడకముందే గురువు కంట పడాలన్నదే ఈ ఏర్పాటులోని కీలకం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు ఎవరో నిర్వచిస్తూ, పర్యవేక్షణలో పొందిన శిక్షణను ప్రత్యేకంగా పేర్కొన్నది. 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు ఉండాలి. పేరు లేకుండా ఈ వృత్తి సాగిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుచేత బోర్డు చూసి లోపలికి వెళ్లేవారు రిజిస్టరు నెంబరు అడగడంలో తప్పులేదు.

ఎం.ఏ.తో ఆగిపోతే

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ 1967లో ఆచార్య కె.రామకృష్ణారావు చేతుల మీదుగా ఏర్పడింది. ఎం.ఏ. పట్టా చేతికి రాగానే రోగులను చూడవచ్చని అనుకునే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు. ఎం.ఏ. ఈ దారికి గుమ్మం మాత్రమే. ఎం.ఫిల్. సీట్లు తక్కువ, పోటీ హెచ్చు. ప్రైవేటు సంస్థల్లో ఫీజులు లక్షల్లో ఉంటాయి. పైగా ఎం.ఫిల్. పట్టానే ఎత్తివేయాలని నిర్ణయించిన యు.జి.సి., ఈ విద్యకు 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించింది. ఆ తరువాత చేరదలచినవారు తాము ఎంచుకున్న కోర్సుకు పునరావాస మండలి గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా విచారించుకోవాలి. డబ్బు కట్టాక విచారించి లాభం లేదు.

శిక్షణ ముగించినవారికి దారులు లేకపోలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో క్లినికల్ సైకాలజిస్టుకు స్థానం ఉంది. పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలో గుర్తించే జిల్లా కేంద్రాల్లో సైకాలజిస్టు ఉండాలని నియమం. మెడికల్ కాలేజీలు, తాగుడు మాన్పించే కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు, సొంత చికిత్సాలయం ఉండనే ఉన్నాయి. పి.హెచ్.డి. చేసినవారు బోధనకు, పరిశోధనకు వెళ్లవచ్చు.

అవసరం మాత్రం కొండంత. 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో పెద్దవారిలో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడంలేదు. ఆ సర్వేలో మన రాష్ట్రం లేదు. అయినా మన పల్లెల స్థితి అందుకు భిన్నమని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

గిడుగు వారి దారి

ఈ వృత్తిలో పనిముట్టు మాటే. ‘గుబులుగా ఉంది’, ‘బెంగెట్టుకున్నాడు’ అన్న మాటల వెనుక ఎంత బరువుందో ఈ నేల మీద పెరిగినవారికి చప్పున తెలుస్తుంది. సవర గూడేల్లో అయితే తెలుగు కూడా చాలదు. సవర భాష నేర్చి, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టినవారే. గూడెం పిల్లల చదువుకోసం ఆయన చేసిన పని, గూడెం పిల్లల మనసుకోసం ఈ తరంలో ఎవరైనా చేయవలసి ఉంది.

ఇందుకు ఊళ్లోని ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఈ దారి ఉన్నదని చెప్పేవారుండాలి. గిరిజన విద్యార్థులకు శిక్షణ కాలంలో ఉపకార వేతనం అందాలి. శిక్షణ పొంది వచ్చినవారికి జిల్లాలోనే పోస్టు ఖాళీగా కాక నిండుగా ఉండాలి.

అందాకా అవసరం పడినవారు ‘పిచ్చాసుపత్రి’ అన్న మాటకు జంకి ఇంట్లో కూర్చోనవసరంలేదు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నెంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొండ దిగి వచ్చిన ఆ తల్లికి మాత్రం ఫోను చాలదు. బల్లకు అవతల ఆమె బిడ్డ మాట తెలిసిన మనిషి కూర్చుని ఉండాలి.