ఏ పెట్టె మేలు?

పర్చూరులో ఒకనాడు అసర్ నమాజు అనంతరం, మా వద్ద చదువుకున్న ఇద్దరు యువకులు వీడియో గేముల పెట్టెల గురించి వాదులాడుకోవడం విన్నాము. ఒకరిది సోనీ వారి ప్లేస్టేషన్ 5 పక్షం, మరొకరిది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పక్షం. చివరకు ఒకరి సలాముకు మరొకరు బదులివ్వని స్థితి! తీరా ఇద్దరి ఇళ్ళలోనూ ఏ పెట్టే లేదు.

మేము విచారించాము. 2020 నవంబరులో ఎక్స్‌బాక్స్, 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ మన దేశంలో విడుదలైనప్పుడు రెండింటి ధరా రూ.49,990. బొమ్మలు గీసే శక్తిలో మొదటిది, నిల్వ నుండి ఆటను తెరిచే వేగంలో రెండవది కొంత ముందు. తక్కువ ధరకు వచ్చిన సిరీస్ ఎస్ రూ.34,990, కాని దానిలో డిస్కు పట్టదు. డిస్కు ఉంటే ఆటను మిత్రునికి ఇవ్వవచ్చు, ఆడిన పిదప అమ్ముకోవచ్చు. కొన్ని కొత్త ఆటలు ఒక్కొక్కటి రూ.4,999 పలికినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మిర్చి, పత్తి అమ్మగా తండ్రి చేతికి మిగిలే సొమ్ములో ఇది ఎంత భాగమో లెక్కకట్టమని ఇద్దరినీ కూర్చోబెట్టాము. చాలాసేపు మౌనం.

"కొంటే ఇద్దరం కలిసి, డిస్కు పట్టేదే కొంటాము, హజ్రత్" అన్నాడొకడు.

ఇంకా కొనలేదు. సలాము మాత్రం మళ్ళీ మొదలైంది.